మూడు తరాల కన్నీళ్ళు

"అమ్మమ్మ, అమ్మ, కూతురు. ముగ్గురూ వలసపోయి నానా అగచాట్లూ పడ్డారు. నా కంట్లో మాత్రం చుక్క రాలేదమ్మాయ్," అంటూ ప్రచురణకర్త ఎబో క్వాన్సా, మాన్సా రాసిన నవలను ఆమె ఒళ్ళోకే తోసేశాడు. "మొన్న మా పెద్దమ్మ పోతేనే రాలేదనుకో. వచ్చే శనివారం అంత్యక్రియలు. మా ఇంటిల్లిపాదీ ఎండుచేపల్లా ఉన్నారు. ఏడ్చేవాళ్ళు లేక ఊళ్ళో పరువు పోయేట్టుంది."

"ఆరుగురు తిప్పి పంపారు సార్. మీరూ కాదంటే పొయ్యిలో పెట్టేస్తా. ఇది మా ఇంటి కథే. ఒక్కసారి మావాళ్ళ ముందు చదువుతా, వచ్చి వినండి."

మర్నాడు క్వాన్సా ఘనాలోని కేప్‌కోస్ట్‌లో వాళ్ళింటికి వెళ్ళేసరికి మాన్సా అమ్మమ్మ ఎఫువా, తల్లి అరబా నల్లబట్టల్లో ఉన్నారు.

"ఇప్పుడే చావింటి నుంచి వచ్చాం బాబూ," అంది ఎఫువా.

"అయ్యో, ఎవరు పోయారు?"

"పేరేంటే అరబా?"

"ఏదోలే అమ్మా, కూర్చో."

"కుర్చీలోనా, నేల మీదా?" ముసలమ్మ మనవరాల్ని అడిగింది.

"నేల మీదే అమ్మమ్మా. చేతులు చాపుకోడానికి చోటుంటుంది."

మాన్సా గొంతు వణికిస్తూ చదివింది. నైజీరియాలోని లాగోస్ నుంచి ఘనావాళ్ళందర్నీ తరిమేసిన చోటుకొచ్చింది. గళ్ళసంచీ నెత్తిన పెట్టుకుని, కడుపుతో ఉన్న మనిషి లారీ ఎక్కింది.

"అయ్యో నా తల్లో! ఆ సంచీ తప్ప నీకెవరున్నారే!" ముసలమ్మ గుండెలు బాదుకుంది. ఆవిడ ఊపిరి తీసుకునేలోపు అరబా అందుకుంది. ఇంత గోల జరుగుతున్నా పక్కింటివాళ్ళు తల తిప్పి చూడలేదు.

మధ్యలో ఫోను మోగింది. ముసలమ్మ టక్కున ఆగింది. "గురువారమా? పొద్దున్నయితే వస్తాం," అని పెట్టేసి, ఆపిన చోటి నుంచే మళ్ళీ ఎత్తుకుంది.

క్వాన్సా అదేమీ గమనించే స్థితిలో లేడు. చేతిరుమాలు తడిసిపోయి, మెడలోని టైతో ముక్కు తుడుచుకుంటున్నాడు.

"చాలమ్మా, ఆపు! పుస్తకం వేస్తున్నా! ఇంత ఏడుపు నా జన్మలో ఏడవలేదు. ఇందులో సగం మా పెద్దమ్మకి ఏడ్చినా బాగుండేది!"

అక్కడే కాగితాల మీద సంతకం పెట్టేశాడు.

గుమ్మం దాటుతుంటే ముసలమ్మ అతని చెయ్యి పట్టుకుంది. అప్పటికే ఆవిడ మొహం పొడిగా ఉంది.

"మా పిల్లకి దారి చూపించావు. శనివారం మీ పెద్దమ్మకి ముగ్గురం కూలి పుచ్చుకోకుండా ఏడుస్తాం బాబూ."