చెయ్యందించని మనిషి

బడి గేటు దగ్గర ఆ పిల్ల బురదలో బోర్లా పడింది.

వెంట వచ్చిన ఆమె కదలలేదు. దూరంగా నిలబడి చూస్తోంది.

“లెవ్వు వజ్రీ. చేతులు నేలకానిచ్చి లెవ్వు.”

నాలుగేళ్ల వజ్రమ్మ ఏడుస్తూ చేతులు చాచింది. అయినా ఆమె రాలేదు.

చివరికి పిల్ల తానే లేచి, నీళ్ల తొట్టి దగ్గర కాళ్లూ చేతులూ కడుక్కుని లోపలికి నడిచింది.

వరండాలోంచి చూస్తున్న జీవమణి టీచరుకు ఒళ్లు మండిపోయింది.

నిజాం జమానాలో, అమీర్‌పేట మిషన్ బడిలో పసిపిల్లల తరగతి ఆమెది. గుంటూరులో శిక్షణ పొంది వచ్చిన మనిషి. పిల్లలంటే ప్రాణం. ఎంత ప్రాణమంటే, ఆ తరగతిలో ఒక్క పిల్లా తన చొక్కా గుండీ తాను పెట్టుకున్న పాపాన పోలేదు. అన్నీ ఆవిడే పెట్టేది.

గేటు దగ్గరికి విసురుగా వెళ్లింది.

“ఏంటమ్మా ఇది? పసిదాన్ని లేపవా? ఇంతకీ నువ్వెవరు? కన్నతల్లివైతే ఇలా చూస్తూ నిలబడవు. మారుతల్లివా?”

ఆమె కొంగు నోటికడ్డం పెట్టుకుని ఒకడుగు వెనక్కి వేసింది.

“అట్లనే అనుకోండ్రి టీచరమ్మా. నా పేరు బుచ్చమ్మ. పిల్లను జర మంచిగ చూసుకోండ్రి.”

మధ్యాహ్నానికల్లా ఈ మాట అమీర్‌పేటంతా పాకింది. మన ఊళ్లో మంచి మాటకు కాళ్లుండవు గానీ ఇలాంటి వాటికి రెక్కలే.

వాళ్లు మెదక్ వైపు నుంచి కొత్తగా వచ్చినవాళ్లు. తండ్రి సాయిలు పంజాగుట్టలో ఒక నవాబు తోటలో మాలీ. ఆ తోట పక్కనే ఉండే లచ్చమ్మ ఇంకో నాలుగు మాటలు చేర్చింది.

“ఇంట్ల సుత గంతే టీచరమ్మా. పిల్లను పక్కల పండుకోనియ్యది. తల దువ్వది. అన్నీ దానితోనే చేయిస్తది, రాక్షసి.”

రాక్షసి పెంచిన పిల్ల మాత్రం బడిలో అందరినీ మించిపోయింది.

తన చాప తానే పరుచుకునేది, తానే చుట్టి మూలన పెట్టేది. మెతుకు కింద పడకుండా తినేది. పక్క పిల్లాడి గుండీ ఊడితే, “నువ్వే పెట్టుకో, నేను చూస్త” అని ఎదురుగా కూర్చునేది. వాడు తంటాలు పడి పెట్టుకునేదాకా లేచేది కాదు.

ఒకరోజు మిషన్ దొరసాని తరగతి చూడటానికి వచ్చింది. వజ్రమ్మ కూజా ఎత్తి, చుక్క ఒలకకుండా గ్లాసు నింపి తెచ్చి ఇచ్చింది. దొరసాని ముచ్చటపడిపోయింది.

“ఈ పాపకు ఇవన్నీ ఎవరు నేర్పారు?”

“మా తరగతిలోనేనండి” అంది జీవమణి, గొంతు సవరించుకుని.

పిల్ల కోసం వచ్చి గేటు బయట నిలబడ్డ బుచ్చమ్మ నవ్వింది. తనను వెక్కిరించిందనుకుంది టీచరు. దొరసాని బండి కదలగానే బయటికొచ్చి విరుచుకుపడింది.

“ఇక నీ దగ్గర ఉంచను. దీని నాన్నతో మాట్లాడి మిషన్ హాస్టల్లో వేయిస్తాను.”

బుచ్చమ్మ ముఖంలో మొదటిసారి భయం కనిపించింది.

“గిప్పుడే వద్దు టీచరమ్మా. లంగా బొందు ముడేసుకునుడు ఒక్కటి రాలే దానికి. గది సుత వచ్చినంక మీ ఇష్టం.”

“నువ్వు వెయ్యొచ్చుగా ఆ ముడి?”

బుచ్చమ్మ గిర్రున వెనక్కి తిరిగి వెళ్లిపోయింది.

వానలు తగ్గుముఖం పట్టాక ఒక సాయంత్రం, వజ్రమ్మ వరండా మెట్ల మీద నిలబడి, నాలుక పళ్ల మధ్య పెట్టుకుని, బొందుతో కుస్తీ పట్టింది. వదిలింది. మళ్లీ పట్టింది. ముడి బిగిసింది.

“ఏసుకుంది! చూసిన్రా టీచరమ్మా, నా బిడ్డ ఏసుకుంది!”

గేటు అవతల బుచ్చమ్మ చప్పట్లు కొడుతోంది. దారిన పోయే ఎడ్లబండి వాణ్ని కూడా ఆపి చూపించింది. ఇదేం విడ్డూరమని టీచరు ముఖం తిప్పుకుంది.

ఆ మర్నాటి నుంచి తల్లీ రాలేదు, పిల్లా రాలేదు.

వారం చూసి జీవమణి పంజాగుట్ట నడిచింది. గుడిసె ముందు వజ్రమ్మ తన పళ్లెం తాను కడుక్కుంటోంది. ఉతికిన లంగా తనే తీగ మీద ఆరేసుకుంది. సాయిలు గడపలో కూర్చుని ఉన్నాడు.

“బుచ్చమ్మ సచ్చిపోయింది టీచరమ్మా” అన్నాడు.

జీవమణి ఉలిక్కిపడింది. తేరుకుని పిల్ల తల నిమిరింది.

“పోయినవాళ్లను అనకూడదు గానీ సాయిలూ, ఎంతైనా మారుతల్లి. ఒక్కనాడైనా దీన్ని దగ్గరికి తీసిందా?”

“క్షయ అమ్మా. ఏడాది గడుసుడే కష్టమని డాక్టర్ చెప్పిండు. బిడ్డకు అంటుతదని ముట్టలే. తెలిస్తే బడిలకు రానియ్యరని ఎవ్వలకు చెప్పనియ్యలే. ‘నేను లేకున్నా నా బిడ్డ ఎవ్వల ముంగట చెయ్యి చాపొద్దు’ అని ఒక్కొక్కటే నేర్పింది. ఆఖరి దినాన మస్తు ఖుషీగుండె. ‘ఇగ ఫికర్ లేదు, నా బిడ్డకు అన్నీ ఒచ్చినయ్’ అన్నది.”

జీవమణి పిల్ల వైపు తిరిగి చూసింది.

“మరి... నేను మారుతల్లివా అంటే అలాగే అనుకోమందే!”

సాయిలు కళ్లు తుడుచుకుని, తల ఎత్తి, గర్వంగా పిల్ల వైపు చూశాడు.

“నేను చేసుకున్నది ఒక్కటే పెండ్లి టీచరమ్మా, వజ్రిని కన్నది బుచ్చమ్మనే.”