కొత్తవాడ మోరీ

“దొరకు ఎండ తగులుతాంది, కుర్చీ జర ఇటు జరపుండ్రి!” అని మోరీ గుంతలోంచి పోశయ్య కేకేయడం విని ఓవర్సీర్ కరీముద్దీన్ గుండె జారిపోయింది. ఆయన ఇంకా సైకిలు కూడా దిగలేదు.

కొత్తవాడలో జంపఖానాలు నేసే ఇళ్ల ముందు మున్సిపాలిటీ కట్టిస్తున్న మురుగునీటి మోరీ అది. ఎస్సీలకు కేటాయించిన పని. ఇరవై ఏళ్లు ఎవరెవరి దగ్గరో సుతారిగా తాపీ పని చేసిన పోశయ్యకు సొంతంగా దొరికిన మొదటి కాంట్రాక్టు. భయపడి వెనకాడుతున్నవాణ్ణి వెంటపడి టెండరు వేయించింది కరీముద్దీనే. అప్పుడు ఆఫీసులో కొందరు నవ్వారు. “పేరు పోశయ్యది ఉంటది, పెత్తనం ఇంకొకలది ఉంటది. చూస్తుండుండ్రి” అన్నారు.

నిన్న అర్జీ రానే వచ్చింది. పని చేయిస్తున్నది పోశయ్య కాదు, కిషన్ రావు అని. ఒకప్పుడు ఊళ్లో మోరీ కట్టాలన్నా కల్వర్టు కట్టాలన్నా కిషన్ రావే. ఈమధ్య ఆయన లారీలు రోడ్డు మీద కనబడటం లేదు. ఇతరుల పేర్ల చాటున పనులు నడిపిస్తున్నాడని బజార్లో అనుకుంటున్నారు.

“పోయి చూడండి. ఉన్నదున్నట్టు రాయండి” అన్నాడు కమిషనర్. అర్జీ నిజమైతే కాంట్రాక్టు రద్దు. పోశయ్య ఇక ఈ జన్మలో టెండరు వేయలేడు. అతని తర్వాత ధైర్యం చేసి ఆఫీసు మెట్లెక్కేవాడూ ఉండడు.

కరీముద్దీన్ సైకిలుకు స్టాండు వేసి చూశాడు. గంజి పెట్టిన తెల్ల బట్టల్లో కిషన్ రావు కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఇసుక లారీ డ్రైవరు వచ్చి ఎక్కడ పోయాలని ఆయన్నే అడిగాడు. జల్లెడ పట్టని ఇసుక కలుపుతుంటే ఆపమని గద్దించింది కూడా ఆయనే. పోశయ్య మాత్రం తాపీ పట్టుకుని గుంతలో ఉన్నాడు. మగ్గాల ఇళ్లలోంచి వచ్చిన రంగునీళ్లకు అతని పిక్కలు ఎర్రబడి ఉన్నాయి.

కరీముద్దీన్ ముందుగా సిమెంటు మాలు మోస్తున్న యాకమ్మను పక్కకు పిలిచాడు.

“కూలి సక్కగిస్తాండ్రా అమ్మా?”

“మొగోళ్లకెంతో మాకూ గంతే సారూ. ఇదివరకు ఏ కాంట్రాక్టరు గిట్లిచ్చిండు?”

“తాగే నీళ్లు?”

“అగో, ఒక్కటే కుండ. ఎవలైనా ముంచుకోవచ్చు.”

కరీముద్దీన్‌కు కొంచెం ఊపిరాడింది. కాంట్రాక్టు షరతులు కాగితం మీద ఉండటమే తప్ప పని దగ్గర ఇలా నడవడం ఆయన ఎన్నడూ చూడలేదు.

“మరి కూలి ఎవలిస్తరు?”

“దొర లెక్క చూస్తడు. పోశన్న ఇస్తడు.”

లెక్క చూసేవాడే కదా యజమాని!

పోశయ్యను గుంతలోంచి పైకి రమ్మన్నాడు. ఎవరికీ వినబడకుండా అడిగాడు. “పోశయ్యా, నాకు నిజం చెప్పు. ఈ పని ఎవలది?”

“నాదే సార్. సంతకం నాదే గద.”

“సంతకం సంగతి కాదు. ఆయన ఇక్కడెందుకున్నడు?”

పోశయ్య మళ్లీ గుంతలోకి దిగబోయాడు.

“ఆగు. భయపెట్టిండా? ఏమన్న ఆశ చూపిండా? చెప్పు, నేనున్న.”

“గాయన మంచోడు సార్. గదొక్కటి అడగకుండ్రి.”

“అడగకుంటే నేనేం రాయాలె? నీ కాంట్రాక్టు పోతది పోశయ్యా!”

పోశయ్య కుర్చీ వైపు చూశాడు. మోచేత్తో నుదురు తుడుచుకుని, “పోతే పోనీ సార్. మల్ల తాపీ పనికి పోత. నాకది కొత్తేం గాదు” అన్నాడు.

కరీముద్దీన్‌కు కోపం, దుఃఖం రెండూ ఒక్కసారే వచ్చాయి. వీడి కోసమేనా తను అంతమందితో మాటలు పడింది? జేబులోంచి పెన్ను తీశాడు కానీ, మూత తీయడానికి చెయ్యి రాలేదు.

“ఆగుండ్రి సాబ్.”

కిషన్ రావు కుర్చీలోంచి లేచి వాళ్ల దగ్గరికి వచ్చాడు. “పని పోశయ్యదే. సిమెంటు, ఇసుక, పూచీ అన్నీ ఆయనవే. నా పైస ఒక్కటి లేదు. సిమెంటు సేటునడుగుండ్రి, లారీ ఓనరునడుగుండ్రి. నేను నష్టపోయి ఏడాది దాటింది. నా పేరు చెప్తే ఈ ఊళ్లె ఒక్క బస్తా అరువియ్యరు.”

ఆ మాటల్లో అబద్ధం లేదని కరీముద్దీన్‌కు తెలుస్తూనే ఉంది. లారీలు ఎందుకు కనబడటం లేదో ఇప్పుడర్థమైంది. పొద్దుటి నుంచి గుండెల మీద ఉన్న బండను ఎవరో దింపినట్టయింది. పోశయ్య పని పోశయ్యదే! అల్లాకు మనసులోనే షుక్రియా చెప్పుకుని పెన్ను మళ్లీ జేబులో పెట్టాడు.

“సంతోషం కిషన్ రావు గారూ. రిపోర్టు గిట్లనే రాస్త. ఒక్క ముక్క మిగిలింది. మరి మీరెవరని రాయాలె?”

“దొరా, వద్దు” అన్నాడు పోశయ్య గాభరాగా.

“ఊకో పోశయ్యా. ఎన్నాళ్లు దాస్తవు?” అన్నాడు కిషన్ రావు. ఆయన ముఖంలో సిగ్గు కనబడలేదు. చాలా దూరం మోసిన బరువును దించుకున్న మనిషిలా నిండుగా ఊపిరి పీల్చుకున్నాడు.

“పోశయ్య జీతగాడని రాసుకోండ్రి సాబ్.”