కాపలా చేప

అల్లుడు చైతన్యకృష్ణ సీతాదేవిని ‘కూడదుల అత్తయ్య’ అని ఆటపట్టించేవాడు. గడప మీద కూర్చోకూడదు, దీపం పెట్టాక ఇల్లు ఊడవకూడదు, చుట్టాలింటికి ఉత్త చేతులతో వెళ్ళకూడదు... ఆమె నోట్లో నువ్వుగింజ నానదని కాకినాడలో పేరు. అలాంటి మనిషి మస్కట్‌లో దిగిన దగ్గర్నుంచీ నోటికి తాళం వేసుకుంది.

అల్లుడి ఫ్లాటు ఘాలా అనే పేటలో. కింద రోడ్డు మీద కంపెనీ బస్సులు మనుషుల్ని దింపుతూ, ఎక్కించుకుంటూ ఉంటాయి. పైన మాత్రం కర్టెన్లు ఎప్పుడూ వేసే ఉంటాయి. వంటింట్లో సింకు పక్కన పాలసీసాలు కడిగి బోర్లించి ఉన్నాయి. హాల్లో ఒక పక్క చేపల తొట్టి, ఇంకో పక్క ఉయ్యాల, మధ్యలో కుర్చీ. చైతన్య ఆ కుర్చీలోంచి లేవడు. ఉయ్యాల తాడు చేతిలో ఉంటుంది. చూపు తొట్టిలో ఉంటుంది.

కూతురు అనూహ్య పురుటి నీరసం కూడా తీరకముందే ఒక్కతే పుట్టింటికి వచ్చేసింది. వీధంతా చెవులు కొరుక్కుంది.

“ఆయన్ని తీసుకురా అమ్మా. రాకపోతే ఇక నన్ను మర్చిపొమ్మను” అని తల్లిని పంపింది.

తెల్లారితే తిరుగు విమానం. సీతాదేవి ఇంకా మాట ఎత్తలేదు.

కాఫీ గ్లాసు బల్ల మీద పెడితే టక్కుమంది.

“నెమ్మదిగా, అత్తయ్యా” అన్నాడు చైతన్య.

ఆమె గొంతు తగ్గించింది. “తొట్టిలో అదేం చేస్తోంది బాబూ?”

“సన్‌ఫిష్ అత్తయ్యా. అమెరికా వాగుల్లో ఉండే చేప. ఇది మగది. తోకతో కంకర ఊడ్చి గూడు చేసుకుంది. ఆడది గుడ్లు పెట్టి వెళ్ళిపోయింది. ఇక అంతా తండ్రే.”

అరచేతిలో పట్టేంత చేప. ఒంటి నిండా నారింజ చుక్కలు, చెంప పక్కన చెవిలాంటి నల్ల మచ్చ. సాసరంత గుంట మీద ఒక్కచోటే నిలబడి తోకతో నీళ్ళు విసురుతోంది.

“మరి తిండి?”

“ముట్టదు. పక్కకి పోతే మిగతా చేపలు గుడ్లు తినేస్తాయి. విసరడం మానేస్తే గుడ్లకి ఊపిరాడదు.”

“నువ్వూ తినట్లేదు.”

“వెళ్ళిపోయింది మీ అమ్మాయి. నేను కాదు.”

ఆ గొంతులో కోపం లేదు. కోపమైనా ఉంటే బాగుండేదనిపించింది సీతాదేవికి.

“చూస్తారా?” అంటూ ఉయ్యాల మీద కప్పిన అనూహ్య పాత చీర అంచు పట్టుకున్నాడు.

“తర్వాత చూస్తాలే బాబూ” అంది గబుక్కున. కళ్ళజోడు పెట్టుకుని తొట్టి వైపు నడిచింది.

గుంటలో గుడ్లు ఇసుక రేణువుల్లా ఉన్నాయి. వాటి చుట్టూ దూదిలాంటి బూజు పట్టింది.

“గుడ్లు తెల్లబడ్డాయేంటి బాబూ?”

“పోయాయి. బతికున్నప్పుడు తేనె రంగులో ఉండేవి.”

“మరి ఇదింకా విసురుతోందే?”

“దానికెవరు చెప్తారు అత్తయ్యా?”

చేప విసురుతూనే ఉంది. ఉయ్యాల కిర్రుమంటూనే ఉంది. అనూహ్య ఎందుకు పారిపోయి వచ్చిందో సీతాదేవికి ఇప్పుడు అర్థమైంది. ఇంకొక్క పూట ఈ చప్పుడు వింటే తనూ పారిపోతుంది.

ఆమె కుర్చీ పక్కన నేల మీద చతికిలబడింది. తాడు లాగుతున్న అతని చేతిని రెండు చేతులతో పట్టుకుని ఆపింది.

“ఖాళీ ఉయ్యాల ఊపకూడదు నాయనా” అంది.