అవతలి కొస

మిరప కల్లంలో కాయలకు కాపలా పడుకున్న భానుప్రకాష్ ఫోన్‌లో కొత్త ఆన్‌లైన్ గేమ్ తెరిచాడు. రోజూ ఓ అరగంట ఒక్కడే ఆడుకునేవాడికి ఇది కుదరదనిపించింది. అడుగడుగునా జంట కావాలంటోంది. అతని భార్య ప్రియ పోయి ఏడాదైంది.

గేమ్ తీసేయబోతుంటే, పేరు లేని బొమ్మ ఒకటి వచ్చి అతని బొమ్మ పక్కన నిలబడింది. మెసేజ్ వచ్చింది.

"ఏందయ్యా, ఇంకా పడుకునే ఉండావా? లే, వానొస్తంది. పట్టా కప్పుదాం."

ఆకాశం నిండా చుక్కలే. ప్రియ అచ్చం ఇట్లాగే లేపేది. చెరో కొస పట్టుకుని కాయల మీదికి పట్టా లాగేవాళ్లు.

మొహాన చినుకు పడింది. లేచి, ఒక్కడే పట్టా లాగాడు. బరువే తెలియలేదు. చీకట్లో అవతలి కొస కూడా లేచింది.

ఫోన్‌లో టార్చి ఉంది. వెయ్యబుద్ధి కాలేదు.