రాకకు కారణం

“ఈ గడిలో ‘ఊరు చూడటానికి’ అని రాయండమ్మా. ఓడ ప్రయాణికులకు వీసా మినహాయింపు అందుకే. చుట్టాలింటికైతే వీసా కావాలి,” అన్నాడు కిటికీ వెనుక నుంచి రేవు అధికారి.

“నేనొచ్చింది మా అక్కను చూడటానికి. అదే రాశాను,” అంది నా భార్య.

ఓడ ఇక్కడ ఆరు గంటలే ఆగుతుంది. మంచం పట్టిన మా వదినగారి ఇల్లు రేవుకు రెండు వీధుల అవతల ఉంది.

“ఒక్క మాట మార్చవే, పోయేదేముంది?” అన్నాను. ‘ఊరు చూడటానికి’ అని రాసిన నా పాసు మీద, ఊళ్లోకి వెళ్లొచ్చని అప్పటికే ముద్ర పడింది.

“మా అక్క మీకు ఊరా? చాటుగా వెళ్లి పలకరించడానికి ఆవిడేం తప్పు చేసింది?”

ముప్పై ఏళ్లు ఇటువంటి కిటికీ వెనుకనే కూర్చుని ఎందరిచేతనో ఇలాగే మాట మార్పించాను. అది ఉపకారమనుకున్నాను. అవమానమని ఇప్పుడే తెలిసింది.

నా పాసు వెనక్కి తోశాను. “దీన్నీ దిద్దండి. వదినగారిని చూడటానికి.”

“అయితే ఇద్దరినీ ఊళ్లోకి వదలను సార్.”

“వదలకండి. కాని కారణం రాసి సంతకం పెట్టివ్వాలి. ఆ నిబంధన నాకూ తెలుసు. ‘అక్కను చూస్తానన్నందుకు’ అని రాయండి.”

“త్వరగా రాయవయ్యా, ఎండ మాడ్చేస్తోంది!” అన్నారెవరో వరుసలోంచి.

అధికారి కలం కాగితం మీద చాలాసేపు ఆగింది. చివరికి ఆ కాగితాన్ని పక్కన పెట్టి, నా పాసులో కారణం దిద్ది, రెండు పాసుల మీదా ముద్ర గట్టిగా కొట్టాడు.

“ఐదింటికల్లా ఓడెక్కాలి. ఆలస్యమైతే ఊరుకోను.”

“ఆ మాట మా అక్కతో చెప్పుకోండి. పంపేది ఆవిడ,” అంది నా భార్య.