పెట్రోల్ ట్యాంకు మూత

“ఇంజను చచ్చిపోయింది టీచర్,” అన్నాడు విల్బర్ట్ బాస్, చేతులు పాతగుడ్డకు తుడుచుకుంటూ. చావు కబురు చల్లగా చెప్పడంలో అతనికి సాటి వచ్చే మెకానిక్కు మా మాతర ఊళ్లోనే కాదు, శ్రీలంక మొత్తంలో లేడు.

సోమలత టీచర్ చేతిసంచీని గుండెలకు హత్తుకుంది. “అదేంటి బాస్? బాగానే బయల్దేరుతుందిగా! రెండు మైళ్లు పోయాక ఆగుతుంది. కాసేపు వదిలేస్తే మళ్లీ దానంతటదే కదుల్తుంది.”

“పోయేవాళ్లకూ మధ్యమధ్యలో ఊపిరాడుతుంది టీచర్.”

షెడ్డు ముందున్న ఆ పాత మోరిస్ కారు టీచర్ భర్తది. పోస్ట్‌మాస్టరు చేసి రిటైరైన ఆ మహత్తయ, అంటే అయ్యగారు, పోయి మూడు నెలలు కావస్తోంది. ముప్ఫై ఏళ్లుగా ఆ బండికి ఏ జబ్బు చేసినా విల్బర్ట్ చేతిమీదుగానే నయమైంది. ఇప్పటి జబ్బేమిటో కూడా అతనికి నిమిషంలో తెలిసిపోయింది. పెట్రోల్ ట్యాంకు మూత తిప్పగానే ‘స్స్’మని గాలి లోపలికి దూసుకుపోయింది. ఆ మూతకు గాలి ఆడడానికి సూదిమొనంత చిల్లు ఉంటుంది. అది పూడుకుపోతే పెట్రోలు దిగదు, బండి ఆగిపోతుంది. చిల్లు నిండా తెల్లటి పాలిష్ గడ్డకట్టి ఉంది. మూత మటుకు అద్దంలా మెరుస్తోంది.

అతను చప్పుడు చెయ్యకుండా మూత బిగించేశాడు.

“బండిని ఇప్పుడెవరు తుడుస్తున్నారు టీచర్?”

“నేనే. మా మహత్తయకు ఆ మూతంటే మహా ముచ్చట. నెలకోసారి మెరుగు పెట్టేవారు. ఆయన పోయినప్పటినించీ నేను రోజూ పెడుతున్నా. పొద్దున్నే బుద్ధుడికి దీపం, తర్వాత ఆ మూతకి పాలిష్.” టీచర్ కళ్లు తుడుచుకుంది. “పోనీ, ఎవరికైనా అమ్మేయమంటావా?”

విల్బర్ట్ ఒక అడుగు ముందుకేశాడు. “అమ్మకండి టీచర్, పాపం చుట్టుకుంటుంది! పెట్రోలు గొట్టాలు కుళ్లిపోయాయి. ఏ రోజు అంటుకుంటుందో తెలీదు. ఎక్కినవాడి ఉసురు మీకు తగుల్తుంది. ఇనుము ధరకి నేనే తీసుకుని విప్పేస్తా. మహత్తయ మీద గౌరవం కొద్దీ.”

“అంటుకుంటుందా! మరిప్పుడు నేను ఇంటికెలా వెళ్లను?”

“మీ ఇంటిదాకా ఏం కాదు, మెల్లగా వెళ్లండి,” అన్నాడు తడుముకోకుండా.

“ఆదివారం మూడు నెలల దానం ఉంది. భిక్షువులకు అన్నం పెట్టాక ఆయన వస్తువులు ఎవరివి వాళ్లకు చేర్చాలి. అది కానీ బాస్, అప్పుడు చెప్తా.”

కారు ఒక్క తాళానికే బుద్ధిగా స్టార్టయింది. టీచర్ భయం భయంగా పోనిచ్చుకుంటూ వెళ్లిపోయింది.

విల్బర్ట్ భార్య నందావతి టీ, బెల్లం ముక్కా తెచ్చి బల్ల మీద పెట్టింది. “నిజంగా ఇంజను పోయిందా?”

“నా మొహం! నీ జాకెట్టుకున్న పిన్నీసుతో పొడిస్తే పోయే జబ్బు.”

“మరి ఆవిడకి అలా చెప్పావేం?”

“పాత మోరిస్ ఇవాళ ఎంత పలుకుతుందో తెలుసా నీకు? పూలు కట్టి పెళ్లిళ్లకి తిప్పితే ఇద్దరం కూర్చుని తినొచ్చు. కొత్త బళ్లకి కంప్యూటర్లు పెట్టి చూస్తున్నారు. నన్ను పిలిచేవాడేడీ? ఈ షెడ్డు ఇంకో ఏడాది కూడా నిలబడదే.”

అందులో అబద్ధం లేదు. పొద్దుటినుంచీ షెడ్డుకు వచ్చిన బండి అదొక్కటే.

“ఏటా కొత్త సంవత్సరం అవురుదు పండక్కి ఆ ఇంటి పాలన్నం కిరిబత్ తిన్నాం. తిన్నింటి వాసాలు లెక్కపెడుతున్నావు.”

“నేను లెక్కపెట్టకపోతే ఇంకెవడో ఎత్తుకుపోతాడు. నోర్మూసుకో.”

ఆ నాలుగు రోజులూ విల్బర్ట్ షెడ్డులో ఓ మూల ఖాళీ చేసి, కడిగి, పైన కొత్త రేకు వేశాడు. బజారుకెళ్లి పెళ్లికారుకు కట్టే తెల్ల రిబ్బను కూడా కొన్నాడు. సిగ్గులేని ఆశ ఎంత పనైనా చేయిస్తుంది.

సోమవారం టీచర్ నడుచుకుంటూ వచ్చింది. తెల్లచీర, చేతిలో చిన్న గుడ్డమూట.

“కారేది టీచర్?”

“ఇంకెక్కడి కారు బాస్? పొద్దున్నే పాత ఇనుము వాళ్లని పిలిచి ముక్కలు కోయించేశా. దగ్గరుండి మరీ.”

“ముక్కలా! నేను తీసుకుంటానన్నాను కదా!”

“అందుకే బాస్. ఆ బండిని విప్పడానికి నీకు చేతులు రావు, నాకు తెలీదా? ఎలాగో బాగుచేసుకుని నువ్వే తిరుగుతావు. ఓ రోజు అంటుకుంటే నందావతి మొహం నేనెలా చూడను?” టీచర్ మూటను రెండు చేతుల్లోకి తీసుకుంది. “నిన్న దానం అయ్యాక మా మహత్తయ రాసిపెట్టిన కవరు విప్పాం. ‘కారు విల్బర్ట్‌ది. రూపాయి కూడా తీసుకోవద్దు’ అని ఉంది. ఆయన మాట తీసేయలేను, నిన్ను తీసుకెళ్లి నిప్పుల్లో పెట్టలేను. రాత్రంతా ఏడ్చా. ఇదొక్కటైనా నీకు దక్కాలని ఊడదీయించి ఉంచా బాస్.”

మూట విప్పి బల్ల మీద పెట్టింది. ట్యాంకు మూత. ఆ పొద్దున కూడా పాలిష్ పెట్టినట్టుంది, ధగధగా మెరుస్తోంది.

టీచర్ గేటు దాటేదాకా నందావతి గుమ్మంలో నిలబడి చూసింది. తర్వాత జాకెట్టుకున్న పిన్నీసు తీసి, మూత పక్కన పెట్టింది.