రెండో చాట

పెత్రమాస నాడు చనిపోయినవాళ్ల పేర అయ్యగారికి బియ్యం, కూరగాయలు ఇవ్వడం మా బోధన్‌లో ఆనవాయితీ. (మా వైపు చెరుకు తగ్గి షుగరు జబ్బు పెరిగింది గానీ, అది ఇంకో కథ.) మొన్ననే గుండె ఆపరేషనైన వసంతమ్మ, భర్త పేర చాటలో బియ్యం పోస్తోంది. హైదరాబాదులో వైరస్‌ల మీద పరిశోధన చేసే మనవరాలు అంకిత సొరకాయ తుడుస్తోంది.

"గక్కడ ఏం సదువుతున్నవే?"

"బ్యాక్టీరియాలకు వైరస్ జొర్రుతది అవ్వా. దాన్ని చంపది. తన ప్రోటీన్ ఒకటి తెచ్చి దాని డీఎన్‌ఏ మీద కూసోబెడ్తది. గా జాగల రాసున్నది ఇగ చదువరాదు."

"మరి బ్యాక్టీరియాకు ఎరుకైతదా?"

"కాదు. ఎప్పటిలెక్కనే బతుకుతది."

"గట్లనా," అంది వసంతమ్మ.

అంకిత తల దించుకుంది. పోచంపాడ్‌లో ఒంటరిగా ఉండే వసంతమ్మ తమ్ముడు, ఆమె ఆసుపత్రిలో ఉండగానే పోయాడు. గుండె తట్టుకోదని, ఆ మాట ఆమె చెవిన వేయొద్దని ఇంటిల్లిపాదితో ఒట్టు పెట్టించుకున్నది అంకితే.

వసంతమ్మ చాట పక్కన పెట్టి, ఇంకో చాట అందుకుంది.

"గదెవరికి అవ్వా?"

"పెండ్లి లేకపాయె, పిల్లలు లేకపాయె. నేను గాకుంటే వానికి ఎవరిస్తరే?"

అంకిత చేతిలో గుడ్డ ఆగిపోయింది.

"బ్యాక్టీరియాకు ఎరుకైతది బిడ్డా," అంది వసంతమ్మ బియ్యం పోస్తూ. "కూసోబెట్టినోళ్లు బాధపడ్తరని సప్పుడు చేస్తలేదు, గంతే. గా సొరకాయ ఇందుల పెట్టు. వానికి ఇష్టం."